ప్యాకెట్ వెనక ఒక్క అంకె వేయించండి: ఆహార లేబుళ్ల నియమాలు రాసేవారికి బహిరంగ లేఖ

ఏ దేశంలోనైనా ఆహార ప్యాకెట్ల మీద ఏం రాయచ్చో ఏం రాయకూడదో తేల్చే అధికారులకు, ఆ నియమాల నీడన బ్రెడ్లూ బిస్కెట్లూ చేసి అమ్మే కంపెనీలవారికి కూడా,

నమస్కారం. నేను డాక్టర్ని కాను, పోషకాహారం గురించి కాలేజీలో చదువుకున్న మనిషినీ కాను. హెచ్‌బీఏ1సీ (మూణ్ణెల్ల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 దగ్గర ఆగి ఉన్న మనిషిని, అంటే షుగర్ వచ్చిందని అనడానికి లేదు, రాలేదని నిశ్చింతగా పడుకోవడానికీ లేదు, గడప మీద కూర్చున్నట్టు. రిపోర్టు చూసిన డాక్టరుగారు ఫైబర్ పెంచండి, మైదా తగ్గించండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అప్పట్నుంచీ ఏ ప్యాకెట్ చేతికొచ్చినా ముందు తిప్పి వెనక చదవడం అలవాటైపోయింది. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, అది వేరే సంగతి.

పోయిన నెల ఒక బ్రెడ్ ప్యాకెట్ తెచ్చుకున్నాను. పేరు చెప్పను, ఎందుకంటే నా గొడవ ఆ ఒక్క కంపెనీతో కాదు. ముందు వైపు ఆకుపచ్చ అక్షరాల్లో ‘రెసిస్టెంట్ స్టార్చ్ ఉంది’ అని, దాని కింద చక్కెర మీద అదుపు అన్నట్టుగా ఒక వాక్యం. వెనక్కి తిప్పితే కార్బోహైడ్రేట్ ఎంతో ఉంది, చక్కెర ఎంతో ఉంది, ఫైబర్ ఎంతో ఉంది, ఉప్పు కూడా ఉంది, ముందు వైపు అంత గొప్పగా చెప్పుకున్న ఆ రెసిస్టెంట్ స్టార్చ్ ఎన్ని గ్రాములో మాత్రం లేదు. లైటు కిందికి పట్టుకెళ్లి చూశాను, అతుకు దగ్గర మడత విప్పి చూశాను, ముక్కలన్నీ డబ్బాలోకి మార్చి కవరు లోపలి వైపు కూడా చూశాను. లేదు. పదార్థాల జాబితాలో నాలుగో ఐదో చోట ‘స్టార్చ్’ అని ఒక్క మాట ఉంది, అది ఏ స్టార్చో భగవంతుడికే తెలియాలి.

ఈ ఉత్తరం ఆ లేని అంకె గురించి.

తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను, తెలిసినవాళ్లు ఈ పేరా దాటేయచ్చు. మనం తినే పిండిపదార్థంలో ఎక్కువ భాగం చిన్నపేగులోనే గ్లూకోజుగా విరిగి రక్తంలోకి వెళ్లిపోతుంది. కొంత మాత్రం ఎంజైములకు లొంగకుండా పెద్దపేగు దాకా అలాగే వెళుతుంది. దానికి రెసిస్టెంట్ స్టార్చ్ అని పేరు పెట్టింది హాన్స్ ఎంగ్లిస్ట్ బృందం, 1982లో. మా ఇంట్లో దీన్ని మొండి పిండి అంటున్నాం, ఇక్కడా అదే అంటాను. అక్కడ పెద్దపేగులో బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది, పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన తిండి ఆ బ్యూటిరేటే. మామూలు పిండి గ్రాముకు 4 క్యాలరీలిస్తే ఇది సుమారు 2 ఇస్తుంది. ఇంతవరకూ అందరూ ఒప్పుకునేదే.

చిక్కు ఎక్కడంటే, మొండి పిండి అన్నది ఒకటే పదార్థం కాదు. గింజ లోపల గోడల మధ్య చిక్కుకుని ఎంజైముకు అందనిది ఒక రకం, పచ్చి రేణువు నిర్మాణం వల్లే విరగనిది రెండో రకం, ఉడికి చల్లారాక మళ్లీ గట్టిగా అల్లుకుపోయింది మూడోది, రసాయనాలతో మార్చింది నాలుగోది, కొవ్వుతో ముడిపడ్డది ఐదోది. ప్యాకెట్ మీద రాసేటప్పుడు అయిదింటికీ ఒకే పేరు. అయిదుగురు అన్నదమ్ములకూ ఒకే ఆధార్ కార్డు ఇచ్చినట్టుంది, ఎవరు ఎక్కడ సంతకం పెట్టారో ఎవరికీ తెలియదు.

పొయ్యిలో పెట్టేసరికి ఇది ఇంకా తిరగబడుతుంది. పచ్చి బంగాళదుంప పిండిలో మొండి పిండి బోలెడు, దాన్ని తడిపి వేడి చేస్తే 60, 70 డిగ్రీల దగ్గరే రేణువులు ఉబ్బి పగిలిపోతాయి, ఆ మొండితనం చాలావరకూ అక్కడితో సరి. పచ్చి అరటి పిండి కథ కూడా దాదాపు అంతే. బ్రెడ్ కాలేటప్పుడు లోపలి మెత్తని భాగం దగ్గరదగ్గర వంద డిగ్రీలకు చేరుతుంది, నీళ్లు కూడా కావలసినన్ని ఉంటాయి, కాబట్టి ఆ పిండి కలిపి బ్రెడ్ చేస్తే ముద్ద కలిపిన రోజున ఉన్నది బయటికి తీసిన బ్రెడ్‌లో ఉండదు. అదే అమైలోజ్ (కొమ్మల్లేని తిన్నని పిండి అణువు) ఎక్కువగా ఉండే మొక్కజొన్న పిండి అయితే అంత తేలిగ్గా ఉబ్బదు, వంద దాటినా చాలావరకు నిలబడుతుంది, బేకరీ సరుకులో దాన్ని వాడడానికి కారణం ఇదే. బిస్కెట్‌లో ఇంకో తమాషా. అక్కడ నీళ్లు బాగా తక్కువ, చక్కెరా కొవ్వూ ఎక్కువ, అందుకని గోధుమ పిండి రేణువుల్లో చాలా భాగం పూర్తిగా ఉడకకుండానే మిగిలిపోతాయి, అరగడం కాస్త నెమ్మదిస్తుంది. నెమ్మదిగా అరగడం వేరు, అసలు అరగకపోవడం వేరు, ఈ రెండూ ప్రకటనల్లో మాత్రం ఒకే గాటన కట్టేస్తారు. పైగా ఆ చక్కెరా ఆ కొవ్వూ ఎక్కడికీ పోవు కదా.

నిన్నటి బ్రెడ్ ముక్క ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి, మీ ఆఫీసు క్యాంటీన్‌లో దొరికినా సరే. వేలితో నొక్కితే తాజాగా ఉన్నప్పటిలా లోపలికి దిగి పైకి లేవదు, అంచు దగ్గర పొడిపొడిగా రాలుతుంది. ఎండిపోయింది అనుకుంటాం గానీ, గాలి తగలకుండా మూటగట్టినా గట్టిపడుతుంది. లోపల పిండి అణువులు మళ్లీ వరసల్లోకి సర్దుకుంటున్నాయి. ఫ్రిజ్‌లో, 4 డిగ్రీల దగ్గర, ఇది ఇంకా తొందరగా జరుగుతుంది, అందుకే ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్ బయట పెట్టినదానికంటే త్వరగా బిరుసెక్కుతుంది. ఇప్పుడు ఆ ముక్కను పెనం మీద వేడి చేయండి, మళ్లీ మెత్తబడుతుంది. మెత్తబడింది అమైలోపెక్టిన్ అనే కొమ్మల పిండి, 60 డిగ్రీల చుట్టుపక్కల దాని వరసలు విడిపోతాయి. బ్రెడ్ చల్లారిన మొదటి గంటల్లోనే గట్టిపడ్డ అమైలోజ్ అనే తిన్నని పిండి మాత్రం కరగాలంటే 150 డిగ్రీల దరిదాపుల వేడి కావాలి, అది మీ పెనానికీ లొంగదు, మీ చిన్నపేగుకూ లొంగదు. మామూలు గోధుమలోని పిండిపదార్థంలో అమైలోజ్ ఉండేదే సుమారు పాతిక శాతం. అందుకే ఎంత చల్లార్చినా మామూలు తెల్ల బ్రెడ్‌లో మొండి పిండి 100 గ్రాములకు ఒక గ్రాము అటూ ఇటూ.

ఇక్కడ చిన్న పక్కదారి. బ్రెడ్‌ని ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, టోస్ట్ చేసి తింటే షుగర్ పెరగదని వీడియోలు తిరుగుతున్నాయి. దాని వెనక నిజంగానే ఒక పరిశోధన ఉంది, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్ యూనివర్సిటీవారిది, 2008లో వచ్చింది. ఇంట్లో చేసిన తెల్ల బ్రెడ్‌ని తాజాగా తిన్నప్పటికంటే ఫ్రీజ్ చేసి, టోస్ట్ చేసి తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజ్ తక్కువగా పెరిగింది. పాల్గొన్నది పదిమంది, అందరూ ఆరోగ్యవంతులు. ఆ పదిమంది మీద ఇంత భారం మోపకండి బాబూ అనాలనిపిస్తుంది. నేను కూడా వారం రోజులు చేశాను, మీటరు ఒక రోజు ఔనంది, ఒక రోజు కాదంది.

సరే, అసలు రోగాల సంగతికి వద్దాం. మీ నియమాల్లోకి నేను అర్థమైనంత మేర తొంగి చూశాను. యూరప్‌లో 2012 నాటి 432వ నంబరు నిబంధన ప్రకారం, అరిగే పిండి స్థానంలో మొండి పిండి వేస్తే ఆ భోజనం తర్వాత రక్తంలో గ్లూకోజ్ పెరుగుదల తగ్గుతుందని రాసుకోవచ్చు, మొత్తం పిండిపదార్థంలో కనీసం 14 శాతం మొండి పిండి ఉండాలి. దీనికి ముందు 2011లో అక్కడి ఆహార భద్రతా సంస్థ అభిప్రాయం ఇచ్చినప్పుడు మాట్లాడింది సరిగ్గా ఈ బేక్ చేసిన ఆహారాల గురించే. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016 డిసెంబరులో ఇంకో అడుగు ముందుకేసి, హై-అమైలోజ్ మొక్కజొన్న పిండి టైప్ 2 డయాబెటిస్ ముప్పును తగ్గించవచ్చు అని రాసుకోనిచ్చింది, అయితే దీనికి ఉన్న శాస్త్రీయ ఆధారాలు పరిమితమని దాని వెంటే చెప్పాలని షరతు పెట్టింది. ఆ షరతు చదివి మిమ్మల్ని మెచ్చుకున్నాను, నిజంగా. కానీ ప్యాకెట్ పట్టుకున్న మనిషి కంటికి ఆనేది ఆ మాటల్లో మొదటి సగమేనని మీకు తెలియదా?

ఈ రెండూ ఒకటి కావు, గమనించండి. ఒకటి ఆ పూట భోజనం గురించి, రెండోది రాబోయే ఏళ్ల జబ్బు గురించి. మొదటిదాంట్లో మర్మమేమీ లేదు, అరిగే పిండి తీసేసి అరగనిది పెడితే గ్లూకోజ్ తక్కువ పెరగక ఏమవుతుంది, ముక్క కాస్త పల్చగా కోసుకున్నా ఆ మేరకు తగ్గుతుంది. నియమంలో ‘స్థానంలో’ అన్న మాట అందుకే ఉంది. ప్యాకెట్ మీదికి వచ్చేసరికి ఆ మాటే మాయమై ‘ఉంది’ అని మిగులుతుంది. అరిగే పిండి అంతా అలాగే ఉంచి పైన రెండు చెంచాలు మొండి పిండి చల్లినా ‘ఉంది’ అనే అనచ్చు.

రెండోదాని విషయంలో ప్రయోగాలు ఎటూ తేల్చడం లేదు. 2012లో వచ్చిన ఒక ప్రయోగంలో బరువు ఎక్కువున్న మగవాళ్లకు రోజుకు 15, 30 గ్రాములిస్తే ఇన్సులిన్ బాగా పనిచేసింది, ఆడవాళ్లలో ఆ మార్పు కనబడలేదు. 2018లో సరిగ్గా నాలాంటి గడప మనుషులకు రోజుకు 45 గ్రాములు 12 వారాలు ఇచ్చి చూశారు, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడలేదు. 2024లో 37 మందితో 8 వారాలు, రోజుకు 40 గ్రాములు ఇస్తే సగటున 2.8 కిలోల బరువు తగ్గారు, అది బాగానే ఉంది. క్యాన్సర్ వైపు చూస్తే, లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య ముప్పు ఉన్న 900 మందికి పైగా పాల్గొన్న క్యాప్2 ప్రయోగం ఉంది. రోజుకు 30 గ్రాముల పొడి, సగటున రెండేళ్లు. పెద్దపేగు క్యాన్సర్ తగ్గుతుందని మొదలుపెడితే అది తగ్గలేదు, 2022లో దీర్ఘకాలపు లెక్కలు తీసి చూస్తే ఆ సిండ్రోమ్‌తో వచ్చే ఇతర క్యాన్సర్లు దగ్గరదగ్గర సగమే వచ్చాయి, ముఖ్యంగా జీర్ణమార్గం పైభాగంలోవి. ఎవరూ ఊహించని ఫలితం, కొట్టిపారేయలేం. అలాగని పుట్టుకతోనే ఆ జన్యుదోషం ఉన్నవాళ్లలో పొడి రూపంలో వచ్చిన ఫలితాన్ని తీసుకొచ్చి బన్ను ప్యాకెట్ మీద అంటించలేం కూడా.

ఇవన్నీ ఎందుకు ఏకరువు పెట్టానంటే, పరిమాణాలు చూశారు కదా: 15, 30, 40, 45 గ్రాములు, రోజూ. ఇప్పుడు నా వంటగది బల్ల మీద లెక్క చూడండి. ఒక ముక్క బ్రెడ్ 30 గ్రాములు అనుకుంటే అందులో పిండిపదార్థం సుమారు 12 గ్రాములు. మీరు పెట్టిన 14 శాతం గీతను సరిగ్గా అందుకున్న బ్రెడ్ అయితే ముక్కకు 1.7 గ్రాముల మొండి పిండి. 30 గ్రాములు కావాలంటే 17, 18 ముక్కలు తినాలి, ఆ వెంట వచ్చే అరిగే పిండి 180 గ్రాములు. షుగర్ తగ్గించుకోవడానికి రోజుకు ఒక బ్రెడ్ ప్యాకెట్ దాదాపు ఖాళీ చేయమని ఏ డాక్టరూ చెప్పడు. ఈ లెక్క వేసుకునే అవకాశం కొనేవాడికి ఉండాలి కదా, అంకె ఇవ్వకపోతే ఎలా వేసుకుంటాడు?

ఇంకో మాట, కంపెనీలవారికి. మీరు మొక్కజొన్న స్టార్చ్ బస్తాలు తెప్పించుకుని పిండిలో పది శాతం కలిపాం కాబట్టి పది శాతం మొండి పిండి అంటే ఒప్పుకోను. అలా అమ్మే పొడుల్లో కూడా చాలావాటిలో మొండి భాగం సగం, సగానికి కాస్త పైన, మిగతాది మామూలుగా అరిగేదే. బస్తా బరువు ఒక లెక్క, పొయ్యిలోంచి బయటికి వచ్చాక మిగిలింది ఇంకో లెక్క. మాక్కావలసింది రెండోది.

కొలవడం కష్టం అంటారేమో. కష్టం కాదు. మొండి పిండిని నేరుగా కొలిచే ఏఓఏసీ (ల్యాబ్ పరీక్షలకు ప్రామాణిక పద్ధతులు ఖరారు చేసే సంస్థ) 2002.02 పద్ధతి ఇరవై ఏళ్లకు పైగా వాడుకలో ఉంది. అసలు పీటముడి ఫైబర్ లెక్కలోనే ఉంది. 985.29 అనే పాత పద్ధతిలో పరీక్షిస్తే మొండి పిండిలో కొంతే ఫైబర్ కింద పడుతుంది, మిగతాది కార్బోహైడ్రేట్‌లో కలిసిపోతుంది, 2009.01 లాంటి కొత్త పద్ధతిలో అయితే దాదాపు అంతా ఫైబర్‌లోకి వస్తుంది. అంటే ఒకే పొయ్యిలోంచి వచ్చిన ఒకే బ్రెడ్, ఒక ల్యాబ్‌కు పంపితే ఒక ఫైబర్ అంకె, ఇంకో ల్యాబ్‌కు పంపితే ఇంకో అంకె, రెండూ చట్టప్రకారం సరైనవే. నేను రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టుకుని ఫైబర్ ఎక్కువున్నది ఎంచుకుంటుంటే, నిజానికి ఎంచుకుంటున్నది బ్రెడ్‌నా, ల్యాబ్‌నా?

ఫైబర్ గొప్పదనం మీద నాకేం అనుమానం లేదు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద సమీక్షలో, ఫైబర్ బాగా ఎక్కువ తినేవాళ్లలో బాగా తక్కువ తినేవాళ్లకంటే గుండెజబ్బు మరణాలు, టైప్ 2 డయాబెటిస్, పెద్దపేగు క్యాన్సర్ లాంటివి 15 నుంచి 30 శాతం తక్కువగా కనిపించాయి, రోజుకు 25 నుంచి 29 గ్రాములు మంచి మోతాదు అని తేలింది. కాకపోతే అవి గింజలూ కూరగాయలూ పండ్లూ పప్పులూ తిన్నవాళ్ల లెక్కలు, ఆ ఫైబర్ వెంట వచ్చినవి ఇంకా చాలా ఉన్నాయి. శుద్ధి చేసిన మైదాలో బస్తాలోంచి తీసిన స్టార్చ్ కలిపి, ‘ఫైబర్ పుష్కలం’ అని రాసి ఆ 30 శాతాన్ని అరువు తెచ్చుకోవడం పొరుగింటి పంట చూపించి అప్పు అడగడం లాంటిది.

మనుషులందరి పేగులూ ఒకేలా ఉండవన్నది కూడా మీ ఫైళ్లలో ఎక్కడో ఒక మూల ఉండాలి. పచ్చి రేణువు రకం మొండి పిండిని మొదట బద్దలు కొట్టేది రుమినోకాకస్ బ్రోమై అనే బ్యాక్టీరియా. అది తక్కువగా ఉన్నవాళ్లలో ఆ పిండిలో చాలా భాగం పులియకుండానే బయటికి పోతుంది. ఇంకొందరికి పులియడం మరీ ఎక్కువై కడుపుబ్బరం, గ్యాస్. మా అక్క ఆ బ్రెడ్ రెండు రోజులు తిని, సాయంత్రం నడకకు రావడం మానేసింది, కారణం అడిగితే కసిరింది.

కాబట్టి నేను అడిగేది పెద్ద చిట్టా ఏం కాదు. ప్యాకెట్ ముందు వైపు రెసిస్టెంట్ స్టార్చ్ అనే మాట వాడుకుంటే, వెనక పట్టికలో దాని గ్రాములు వేయమనండి, కాల్చాక, అమ్మే రూపంలో, ఒక ముక్కకు ఎంత అని. పక్కనే మొత్తం పిండిపదార్థం ఎంతో వేయమనండి, అప్పుడు మీ 14 శాతం దాటిందో లేదో నేనే భాగించుకుంటాను. ఏ రకమో ఒక్క మాటలో, మొక్కజొన్నదా, గోధుమదా, రసాయనంతో మార్చిందా అని. ఫైబర్ అంకె ఏ పద్ధతిలో తీశారో చిన్న అక్షరాల్లో వేసినా చాలు, కళ్లద్దాలు ఉన్నాయి. రోగం పేరు ఎత్తే వాక్యానికి మాత్రం ‘ఆధారాలు పరిమితం’ అన్న సగాన్ని కూడా అదే సైజు అక్షరాల్లో, అదే వైపు వేయించండి. అంకె వేయడం ఇష్టం లేని కంపెనీ ఆ మాట తీసేయచ్చు, బ్రెడ్‌ని బ్రెడ్ లాగే అమ్ముకోవచ్చు, ఎవరూ కాదనరు.

దీనివల్ల మంచి సరుకు చేసేవాళ్లకు నష్టం లేదు, లాభమే. అమైలోజ్ బాగా ఎక్కువున్న గోధుమలను శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కష్టపడి పండించారు, మామూలు పాతిక శాతం ఎక్కడ, వాటిలో 80 శాతం దాటిన రకాలెక్కడ. అలాంటి పిండితో చేసినవాడు ముక్కకు ఇన్ని గ్రాములని గర్వంగా వేసుకుంటాడు. తక్కువ మంట మీద గంటల తరబడి కాల్చే పాత పద్ధతిలో కూడా మొండి పిండి పెరుగుతుంది, 120 డిగ్రీల దగ్గర ఇరవై గంటలు కాల్చి చూసిన పరిశోధనలున్నాయి, అంత ఓపికున్న బేకర్ ఎవరైనా ఉంటే అతను కూడా వేసుకుంటాడు. ఇప్పుడు వాళ్లూ, చెంచాడు చల్లినవాడూ ఒకే ఆకుపచ్చ అక్షరాల కింద నిలబడుతున్నారు.

ఆ బ్రెడ్ కంపెనీకి కస్టమర్ కేర్ చిరునామాకు రాశాను, మీ బ్రెడ్ ముక్కలో మొండి పిండి ఎన్ని గ్రాములు అని ఒకే ఒక్క ప్రశ్న. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మా ఉత్పత్తులపై మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు, ఇందులో రెసిస్టెంట్ స్టార్చ్ ఉంది అని. అంకె కోసం మళ్లీ రాశాను, ఇప్పటికి మూడు వారాలు.

ఇట్లు,
ప్యాకెట్ వెనక వైపు చదివే ఒక గడప మనిషి